కాలేజీ సీటుతో పాటు ఉండటానికి చోటు కూడా చూపించండి: హైదరాబాద్ హాస్టల్ విద్యార్థుల తరఫున బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక శాఖ, ఉన్నత విద్యా శాఖ, సంక్షేమ శాఖల అధికారులకు,
రాష్ట్ర ఉన్నత విద్యామండలికి,
హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టళ్లు నడుపుతున్న యజమానులకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో పీజీ చదువుతున్నాను. మా నాన్న పత్తి రైతు. ఎస్‌ఆర్ నగర్ దగ్గర ఒక ప్రైవేటు హాస్టల్లో ఫోర్ షేరింగ్ రూమ్‌లో ఉంటున్నాను. మా హాస్టల్లోనూ, చుట్టుపక్కల హాస్టళ్లలోనూ ఉంటున్న తోటి విద్యార్థులతో మాట్లాడి, వాళ్లు చెప్పినవి కూడా కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

ముందు అడిగాం, జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. గత ఏడాది మేమున్న హాస్టల్ చేతులు మారింది. బిల్డింగ్ లీజుకు తీసుకుని నడుపుతున్న ఆయన దాన్ని ఇంకొకరికి అప్పగించి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినవాళ్లు "మీ అడ్వాన్స్ మా చేతికి రాలేదు. మళ్లీ కట్టండి, లేదంటే నెలాఖరుకు ఖాళీ చేయండి" అన్నారు. అప్పుడు మాకు సెమిస్టర్ పరీక్షలు జరుగుతున్నాయి. పాతాయన ఫోన్ ఎత్తలేదు. మా దగ్గర ఉన్న రుజువల్లా ఫోన్‌లో డబ్బులు పంపిన స్క్రీన్‌షాట్లు మాత్రమే. పోలీసుల దగ్గరికి వెళ్తే డబ్బు తగాదా, సివిల్ కేసు వేసుకోండి అన్నారు. మున్సిపల్ కార్యాలయంలో ట్రేడ్ లైసెన్సు వరకే మా పని, అడ్వాన్సులతో సంబంధం లేదన్నారు. కాలేజీలో ప్రైవేటు హాస్టల్ మా పరిధి కాదన్నారు. అందరం సంతకాలు పెట్టి వినతిపత్రం ఇచ్చాం. రసీదు చేతికి వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. కొందరు మళ్లీ కట్టారు. కట్టలేని ఇద్దరు ముగ్గురు పరీక్షల మధ్యలోనే సామాను సర్దుకుని వెళ్లారు.

ఎవరూ మర్యాద తప్పి మాట్లాడలేదు, ఆ మాట చెప్పాలి. కానీ ఊరు కాని ఊరు వచ్చి చదువుకుంటున్న వేలాది మంది రాత్రి పడుకునే చోటు ఏ శాఖ పరిధిలోకీ రాకపోవడమే అసలు సమస్య. కౌన్సెలింగ్ పెట్టి మాకు సీటు ఇస్తున్నది ప్రభుత్వం. ఫలానా తేదీలోగా రిపోర్ట్ చేయాలని చెప్పేదీ ప్రభుత్వమే. కాలేజీ గేటు బయటికి వచ్చాక మాత్రం మేం ఎవరికీ పట్టం. దీనివల్ల మామూలు ఇళ్ల పిల్లలకు ఏం జరుగుతోందో మీ ముందు పెడుతున్నాను.

1. చదువు ఫీజు కన్నా హాస్టల్ ఫీజు ఎక్కువవుతోంది. అమీర్‌పేట, ఎస్‌ఆర్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్ ప్రాంతాల్లో మేం అడిగి తెలుసుకున్న మేరకు నలుగురైదుగురు ఉండే రూమ్‌లో ఒక్కొక్కరికి నెలకు 5,500 నుంచి 7,000 రూపాయల దాకా ఉంది. ఇద్దరుండే రూమ్ 8,000 పైమాటే. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఇంకా ఎక్కువ. నెలకు 6,500 అనుకున్నా పది నెలలకు 65,000 అవుతుంది. ఇంజినీరింగ్‌లో పది వేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి 35,000. అంటే చదువుకు ప్రభుత్వం కట్టేదానికి దాదాపు రెట్టింపు, ఆ పిల్లవాడు పడుకోవడానికి, తినడానికి ఇంట్లోవాళ్లు కట్టాలి. ఆ రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్న పల్లెటూరి బీసీ కుటుంబం ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. నెలకు లెక్కేస్తే 12,500. అందులో సగానికి పైగా ఒక్క బిడ్డ హాస్టల్‌కే పోతే ఇంట్లో మిగతావాళ్లు ఏం తింటారు? రెండో బిడ్డను ఎక్కడ చదివిస్తారు? మా వైపు చాలా ఇళ్లలో దీనికి దొరికే జవాబు ఒకటే. అబ్బాయిని హైదరాబాద్ పంపుతారు, అమ్మాయిని దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీలో వేస్తారు. మంచి ర్యాంకు తెచ్చుకుని కూడా మంచిర్యాలలోనో కాగజ్‌నగర్‌లోనో ఆగిపోయిన నా స్నేహితురాళ్లు ఉన్నారు. వాళ్లను ఆపింది కాలేజీ ఫీజు కాదు.

పదో తరగతి దాటి చదివేవారికి ప్రభుత్వ పోస్ట్‌మెట్రిక్ హాస్టల్ ఉంది కదా అంటారు. ఉంది. అక్కడ సీటు దొరికినవాళ్లు అదృష్టవంతులు. 2024లో ప్రభుత్వం మెస్ చార్జీలు పెంచి, ఇంటర్ నుంచి పీజీ వరకు నెలకు 1,500 ఉన్నదాన్ని 2,100 చేసింది. అది మంచి పని, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ఆ మేలు హాస్టల్లో సీటు దొరికినవారికే. దొరకనివాళ్లు ఉస్మానియా క్యాంపస్‌లో అయితే స్నేహితుల రూమ్‌లో నాన్‌బోర్డర్లుగా సర్దుకుంటారు. మిగతా చోట్ల ఆ వీలు కూడా లేదు. సొంత భవనాలు లేక అద్దె భవనాల్లో నడిచే సంస్థల కష్టం ప్రభుత్వానికీ కొత్త కాదు. 2024 అక్టోబరులో దసరా సెలవుల తర్వాత అద్దె బకాయిల కోసం కొందరు యజమానులు గురుకులాల భవనాలకు తాళాలు వేశారు, పిల్లలు గేటు బయట నిలబడ్డారు. ప్రభుత్వాన్నే గేటు బయట నిలబెట్టగలిగినవాళ్లకు పద్దెనిమిదేళ్ల విద్యార్థి ఒక లెక్కా?

2. కౌన్సెలింగ్ తేదీలకూ, రూమ్ వెతుక్కోవడానికీ పొంతన లేదు. సీటు వచ్చాక రిపోర్ట్ చేయడానికి కొద్ది రోజులే గడువు ఇస్తారు. ఆ కొద్ది రోజుల్లోనే ఊరి నుంచి తండ్రీకూతుళ్లు బ్యాగులతో దిగి, నగరం ఏ మూల ఏముందో తెలియకుండా హాస్టల్ వెతకాలి. ఇంజినీరింగ్ కాలేజీలు చాలావరకు ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మొయినాబాద్, మేడ్చల్, బాచుపల్లి వంటి శివార్లలో ఉన్నాయి. మొదటి విడతలో ఇబ్రహీంపట్నం వైపు సీటు వచ్చిందని అక్కడ హాస్టల్‌కు అడ్వాన్స్ కడతారు. రెండో విడతలో మేడ్చల్ వైపు ఇంకా మంచి సీటు వస్తుంది. సంతోషించాల్సిన రోజున ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. కట్టిన అడ్వాన్స్ వెనక్కి రాదు, కొత్త చోట మళ్లీ కట్టాలి. అడ్వాన్స్ పోతుందని రెండో విడతకు ఆప్షన్లే పెట్టుకోని కుటుంబం నాకు తెలుసు.

ఈ తొందరను మోసగాళ్లు కూడా వాడుకుంటున్నారు. ఇంటర్నెట్‌లో మంచి రూమ్ ఫొటోలు పెట్టి, అద్దె తక్కువ చెప్పి, "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, టోకెన్ పంపితే మీకు ఉంచుతాను" అంటారు. డబ్బు పంపాక ఆ నంబరు పనిచేయదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఒక మాట: రూమ్ కళ్లతో చూడకుండా ఒక్క రూపాయి పంపవద్దు, పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

3. అడ్వాన్స్‌కు లెక్కాపత్రం లేదు. చేరేటప్పుడు ఒక నెల ఫీజు అడ్వాన్స్ తీసుకుంటారు. వెళ్లేటప్పుడు అందులో 'మెయింటెనెన్స్' అని వెయ్యి, రెండు వేలు కోస్తారు. నెల రోజుల ముందు చెప్పలేదని మొత్తం ఉంచుకునేవాళ్లూ ఉన్నారు. ఆ షరతు ఎక్కడా రాసి ఉండదు, చేరేటప్పుడు ఎవరూ చెప్పరు. రసీదు అడిగితే "నమ్మకం లేకపోతే వేరే చోటు చూసుకో" అంటారు. ఇళ్ల అద్దెలకు ఎప్పటిదో 1960 నాటి చట్టం ఉంది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దె మించకూడదని చెప్పింది. కానీ హోటళ్లు, లాడ్జీల వంటివి దాని కిందికి రావు. హాస్టల్ అంటే ఇల్లా, లాడ్జీనా, వ్యాపారమా? దీనికి ఎవరి దగ్గరా స్పష్టమైన జవాబు లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు. అయితే ఆరు వేల రూపాయల కోసం క్లాసులు మానుకుని వాయిదాలకు తిరిగే శక్తి ఎంతమందికి ఉంటుంది? ఆ శక్తి ఉండదని తెలిసే ఇదంతా నడుస్తోంది.

4. హాస్టల్ వద్దనుకుని నలుగురు కలిసి చిన్న పోర్షన్ తీసుకుందామంటే అద్దెకు ఇచ్చేవాళ్లు తక్కువ. టూలెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?" రెండో ప్రశ్న "మీరేమిట్లు?" కులం చెప్పాక "మా వాళ్లతో మాట్లాడి చెప్తాం" అంటారు, మళ్లీ ఫోన్ రాదు. ముస్లిం స్నేహితురాలికి పేరు చెప్పగానే ఇల్లు అప్పుడే ఇచ్చేశామంటారు. ఆ బోర్డు మాత్రం ఇంకో నెల అక్కడే వేలాడుతుంది. 'శాకాహారులకు మాత్రమే' అన్న మాట వెనుక ఏముందో ఈ నగరంలో అద్దెకు ఇల్లు వెతికిన ప్రతి దళిత విద్యార్థికీ తెలుసు. డబ్బు ఇబ్బందిని అప్పు చేసో, పని చేసుకునో దాటతాం. దీన్ని దాటడానికి మా చేతుల్లో ఏమీ లేదు. చదువుకోవడానికి వచ్చిన నగరంలో మొదటి వారంలోనే ఈ మాట వినడం ఎలా ఉంటుందో, అధికారుల్లో ఊళ్ల నుంచి వచ్చి చదువుకున్నవారు చాలామంది ఉన్నారు, వారికి నేను చెప్పక్కర్లేదు.

అమ్మాయిలకు మరో చిక్కు ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక భువనగిరి, షాద్‌నగర్, సంగారెడ్డి వంటి చోట్ల నుంచి రోజూ వచ్చిపోయే అమ్మాయిలు పెరిగారు. చాలా ఇళ్లకు అది నిజమైన ఆసరా. కానీ రోజుకు నాలుగు గంటలు బస్సులో గడిపే పిల్ల ల్యాబ్‌కో లైబ్రరీకో ఎప్పుడు వెళ్తుంది? ఆసిఫాబాద్, ఆదిలాబాద్, గద్వాల పిల్లలకైతే ఆ వీలు కూడా లేదు.

5. భద్రత చూసేవాళ్లు లేరు. కుటుంబాల కోసం కట్టిన ఐదంతస్తుల ఇల్లు, గదుల్లో మంచాలు వేయగానే హాస్టల్ అవుతోంది. కింద దుకాణాలు, సెల్లార్‌లో బండ్లు, ఒకటే ఇరుకు మెట్లదారి, కిటికీలకు గ్రిల్స్, రాత్రి గేటుకు తాళం. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ దగ్గర మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జీకి ఎక్కి ఎనిమిది మంది చనిపోయారు. 2023 మార్చిలో సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. ఆ ఆరుగురూ జిల్లాల నుంచి ఉద్యోగం కోసం వచ్చిన మా వయసు వాళ్లే. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోని లైబ్రరీలోకి వాన నీరు దూసుకొచ్చి ముగ్గురు అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. మన అశోక్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లోనూ సెల్లార్లలో స్టడీ హాళ్లు ఉన్నాయి. అక్కడికి ఒకసారి వెళ్లి చూడమని అడుగుతున్నాను. ఏదైనా జరిగాక వారం రోజులు తనిఖీలు చేసి వదిలేయడం ఈ నగరం చాలాసార్లు చూసింది.

6. ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలు వాయిదా పడితే ఆ ఖర్చు కూడా మా మీదే. గ్రూప్-2 సంగతే చూడండి. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. పరీక్ష మొదట 2023 ఆగస్టు అన్నారు, తర్వాత నవంబరు, తర్వాత 2024 జనవరి, తర్వాత ఆగస్టు. చివరికి జరిగింది 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో. మొదట చెప్పిన తేదీకీ జరిగిన తేదీకీ మధ్య దాదాపు పదహారు నెలలు. అన్ని నెలలు హాస్టల్లో ఉన్న అభ్యర్థికి నెలకు 6,500 చొప్పున లక్ష రూపాయలు దాటింది. కొన్ని వాయిదాలు అభ్యర్థులే అడిగారు, అది నిజం. కానీ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా చదివి, ఐదు రూపాయల భోజనంతో మధ్యాహ్నం గడిపి, రాత్రి హాస్టల్‌కు వెళ్లే వాళ్లకు ఒక్కో కొత్త తేదీ అంటే ఇంటికి ఫోన్ చేసి మళ్లీ డబ్బులు అడగడమే.

హాస్టల్ యజమానులకు కూడా నేరుగా కొన్ని మాటలు. మీ అందరినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. బిల్డింగ్ అద్దె ఏటా పెరుగుతోంది, వేసవిలో నీళ్ల ట్యాంకర్లు కొనాలి, గ్యాస్ సిలిండర్ ధర మీ చేతుల్లో లేదు. కరెంటు బిల్లు కమర్షియల్ కింద వస్తోందని చాలామంది చెబుతారు. పరీక్షల రాత్రి పన్నెండింటికి టీ పెట్టి ఇచ్చే వార్డెన్ అక్కలు, డబ్బు ఆలస్యమైతే ఇంకో నెల ఆగే యజమానులు మీలో ఉన్నారు. నియమాలు వస్తే నష్టపోయేది మీరు కాదు. అడ్వాన్సులు పట్టుకుని మాయమయ్యేవాళ్ల వల్ల మీకూ చెడ్డపేరు వస్తోంది. కనీసం తొంభై రోజులు ఉండేవారికి, మనిషికి నెలకు 20,000 మించని వసతిపై 2024లో జీఎస్టీ మినహాయింపు వచ్చింది. కాబట్టి ఆ పేరుతో విద్యార్థుల దగ్గర అదనంగా తీసుకోవద్దు.

మా డిమాండ్లు ఇవి.

1. నగరంలో, శివార్లలో ఉన్న ప్రతి ప్రైవేటు హాస్టల్‌ను, పేయింగ్ గెస్ట్ వసతిని నమోదు చేయాలి. నడుపుతున్నవారి పేరు, నమోదు నంబరు, ఎంతమందికి అనుమతి ఉంది, ఒక్కో షేరింగ్‌కు ఫీజు ఎంత, ఇవన్నీ గేటు దగ్గర బోర్డు మీదా, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనూ ఉండాలి. మహిళల హాస్టళ్లకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ తమిళనాడు 2014లోనే చట్టం తెచ్చింది. మన దగ్గర అమ్మాయిలకూ అబ్బాయిలకూ కలిపి అలాంటి చట్టం కావాలి.

2. అడ్వాన్స్ ఒక నెల ఫీజు మించకూడదు. రసీదు తప్పనిసరి చేయాలి. ఖాళీ చేసిన పదిహేను రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వాలి. హాస్టల్ చేతులు మారితే పాత అడ్వాన్సుల బాధ్యత కొత్తవారిదే, వారు తప్పుకుంటే బిల్డింగ్ ఓనర్‌దే అని రాతపూర్వకంగా ఉండాలి. కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ రాజస్థాన్‌లోని కోటా నగరంలో 2024 చివర్లో జిల్లా యంత్రాంగం హాస్టళ్లలో సెక్యూరిటీ, కాషన్ మనీ తీసుకోకూడదనీ, మెయింటెనెన్స్ ఏడాదికి 2,000 మించకూడదనీ నిబంధన పెట్టింది. ఒక జిల్లా చేయగలిగింది రాజధాని నగరం చేయలేదా?

3. సీటు అలాట్‌మెంట్ పత్రంతో పాటే ఆ కాలేజీకి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ హాస్టళ్లు, నమోదైన ప్రైవేటు హాస్టళ్ల జాబితా ఇవ్వాలి. కౌన్సెలింగ్ విడతల మధ్య కాలేజీ మారినవాళ్లకు, అలాట్‌మెంట్ పత్రం చూపిస్తే అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. ఈ రెండోది పెద్ద ఖర్చు లేని పని, ఒక ఉత్తర్వు చాలు.

4. పోస్ట్‌మెట్రిక్ హాస్టల్లో సీటు రాని అర్హులైన విద్యార్థులకు వసతి భత్యం నేరుగా ఖాతాలో వేయాలి. మా వైపు ప్రాణహిత దాటితే మహారాష్ట్ర. అక్కడ ప్రభుత్వ హాస్టల్లో చోటు దొరకని ఎస్సీ విద్యార్థులకు స్వాధార్ యోజన కింద ముంబై, పుణె వంటి నగరాల్లో ఏడాదికి 60,000 రూపాయల వరకు ఇస్తున్నారు. కర్ణాటకలో వెనుకబడిన తరగతుల విద్యార్థులకు విద్యాసిరి పథకం కింద నెలనెలా సాయం ఇస్తున్నారు. నది అవతలి విద్యార్థికి దొరికే ఆసరా ఇవతలి విద్యార్థికి ఎందుకు ఉండకూడదు? ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద అగ్రవర్ణ విద్యార్థులందరికీ ఇది వర్తింపజేయాలి.

5. ఏటా జూన్ లోపు అగ్నిమాపక, ఆహార భద్రత, మున్సిపల్ సిబ్బంది కలిసి హాస్టళ్లను, సెల్లార్ స్టడీ హాళ్లను తనిఖీ చేయాలి. ఏం తేలిందో గేటు మీద అతికించాలి. రెండో దారి లేని భవనాలకు అది పెట్టుకోవడానికి గడువు ఇవ్వండి. ఒక్కసారిగా మూసేస్తే రోడ్డున పడేది మళ్లీ మేమే.

6. కులం, మతం పేరుతో అద్దెకు నిరాకరించడం శిక్షార్హం అని కొత్త చట్టంలో ఉండాలి.

7. ఈ వ్యవహారాలన్నిటికీ ఒక అధికారిని, ఒక ఫోన్ నంబరును కేటాయించండి. "మా పరిధి కాదు" అనే మాట ఆ నంబరులో వినిపించకూడదు.

పైవాటిలో చట్టం అవసరమైనవి కొన్ని ఉన్నాయి, వాటికి సమయం పడుతుందని మాకు తెలుసు. రెండో, మూడో, ఏడో డిమాండ్లలో చాలా భాగం ఉత్తర్వులతోనే మొదలుపెట్టవచ్చు. వచ్చే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చేలోపు వాటిపై మీ నిర్ణయం ప్రకటించాలని కోరుతున్నాం. విద్యార్థులతో, హాస్టల్ యజమానులతో కలిపి ఒక సమావేశం పెడితే మా రసీదులు, స్క్రీన్‌షాట్లు, మేమిచ్చిన వినతిపత్రం కాపీ తీసుకుని వస్తాం.

ఇట్లు,
కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు చెందిన ఒక పీజీ విద్యార్థిని,
ఎస్‌ఆర్ నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటున్న తోటి విద్యార్థుల తరఫున